కిలోని తిరగేసేది ఎలాగండీ?: పిల్లల పుస్తకాల ప్రచురణకర్తలకు ఒక బహిరంగ లేఖ

తెలుగులో పిల్లల పుస్తకాలు వేసేవారికి, వాటిని దిద్దే సంపాదకులకు నమస్కారం. పాత కథల్ని మాటామాత్రం చెప్పకుండా మార్చి వేస్తున్న పుస్తకాల గురించి ఈ ఉత్తరం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద పడ్డ రోజు మా ముందుగది కిటికీ తలుపు ఊడి ఎటో పోయింది. ఆ కిటికీ పక్కనే పుస్తకాల బీరువా. గాలి తగ్గేసరికి బీరువాకి అద్దాలు లేవు, కింది రెండు అరలూ నీళ్ళు కారుతున్నాయి. కరెంటు రావడానికి రోజులు పట్టింది కాబట్టి ఫ్యాను కింద ఆరబెట్టే మాటే లేదు. ఎండ రాగానే పుస్తకాలన్నీ డాబా మీదికి మోసుకెళ్ళి, ఒక్కొక్కటీ తెరిచి, ఎగిరిపోకుండా ఇటుక ముక్కలు పెట్టి ఆరేశాను. పక్కింటావిడ పిట్టగోడ మీంచి చూసి, "ఏంటండీ టీచరుగారూ, రాజుగారి కొడుకుల చేపల్లా ఆరేశారు?" అంది. అంత బాధలోనూ నవ్వొచ్చింది. ఆ కథలో ఏడు చేపల్లో ఒకటే ఎండలేదు. నాకు ముప్పై పుస్తకాల దాకా ఎండలేదు.

ఎండనివన్నీ పిల్లల పుస్తకాలే. చిన్న చేతులకి అందాలని వాటిని కింది అరల్లో పెట్టేదాన్ని. పైగా అవి చవక కాగితం మీద అచ్చయినవి, కుట్టు బైండింగు లేదు, మధ్యలో రెండు పిన్నులు కొట్టి వదిలేసినవి. సముద్రం ఊళ్ళో ఉప్పుగాలికి ఆ పిన్నులు ఎప్పుడో తుప్పు పట్టాయి. తడిసేసరికి తుప్పు మరక పేజీలంతా పాకింది. కొన్ని పుస్తకాలు అట్టముక్కల్లా అతుక్కుపోయాయి. విడదీస్తే ఈ పేజీ అక్షరాలు ఆ పేజీకి అంటుకుని వచ్చేశాయి.

నేను మునిసిపల్ స్కూళ్ళలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు సీతమ్మధారలో మా అపార్ట్‌మెంట్ సెల్లారులో, స్కూటర్ల మధ్య చాప వేసి, శనివారం సాయంత్రం పిల్లలకి కథలు చదువుతాను. పన్నెండు మంది వస్తారు, పరీక్షలప్పుడు నలుగురు. ఎక్కువమంది ఇంగ్లీషు మీడియమే. తెలుగు మాట్లాడతారు, వింటారు, చదవమంటే మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటారు. అందుకని నేనే చదువుతాను. ఆ చాప కోసమే పోయిన పుస్తకాలు మళ్ళీ కొందామని ఏళ్ళ తరబడి తిరిగాను, ఫోన్లు చేశాను. కొన్నిటికి "స్టాకు లేదమ్మా" అన్నారు. కొన్నిటికి "మళ్ళీ వెయ్యడం లేదండి" అన్నారు. అది అర్థమయ్యే జవాబే. కొన్ని దొరికాయి. ఈ ఉత్తరం ఆ దొరికినవాటి గురించి.

అందులో ఒకటి మా స్కూలు పిల్లలకి నేను ఎన్నోసార్లు చదివిన కథల పుస్తకం. పేరు రాయను, ఒక్కరిని పట్టుకుని తిట్టడం నా ఉద్దేశం కాదు. అందులో ఒక షావుకారు కథ ఉంది. ధాన్యం అప్పిచ్చేటప్పుడు కుంచాన్ని తిరగేసి, అడుగున ఉండే ఆ కాస్త గుంటలో పోసి కొలుస్తాడు. తీసుకునేటప్పుడు మామూలుగా నిలబెట్టి, పైన గోపురంలా రాశి కట్టించుకుంటాడు. రెండుసార్లూ కొలిచింది కుంచమే, లెక్కల పుస్తకంలో తప్పు దొరకదు. ఊళ్ళో ఒక ముసలమ్మ ఆ ఆట కట్టిస్తుంది.

కొత్త పుస్తకం మంచి రంగులతో, నున్నటి కాగితంతో వచ్చింది. చాప మీద కూర్చుని ఉత్సాహంగా మొదలుపెట్టాను. రెండో పేజీలో "షావుకారు కిలోని తిరగేసి కొలిచాడు" అని ఉంది. పైకి చదివేశాక గాని నాకు వెలగలేదు. మా మూడో అంతస్తు కుర్రాడు వెంటనే, "మామ్మా, కిలోని తిరగేసేది ఎలాగ?" అన్నాడు.

ఎలాగండీ? మీరు చెప్పండి.

కుంచం పిల్లలకి తెలియదు కాబట్టి ఎవరో 'కుంచం' ఉన్నచోటల్లా 'కిలో' అని మార్చుకుంటూ పోయారు. కథ మొత్తం ఆ పాత్ర అడుగున ఉందని చూసుకోలేదు. బొమ్మ వేసినాయన ఇంకాస్త ముందుకెళ్ళి షావుకారు ముందు ఎలక్ట్రానిక్ కాటా పెట్టాడు. తలపాగా, పంచె, చెవిపోగులు, ముందు ఎలక్ట్రానిక్ కాటా.

నేను తడుముకుంటుంటే మా వాచ్‌మన్ కూతురు చెయ్యెత్తింది. వాళ్ళది టెక్కలి దగ్గర పల్లె. "టీచరమ్మా, కుంచం మా అమ్మమ్మోళ్ళింట్లో ఉందండి, ధాన్నం కొలుస్తారు" అని, రెండు చేతులతో అది ఎంత లావుంటుందో, అడుగున గుంట ఎంత ఉంటుందో చూపించింది. మామూలుగా చాప చివర కూర్చుని నోరు విప్పని పిల్ల. ఆ రోజు పన్నెండు మందికీ ఆ పిల్లే టీచరు. రెండు తవ్వలైతే మానిక, రెండు మానికలైతే అడ్డ, రెండు అడ్డలైతే కుంచం అని నేను మా ఇంటి లెక్క చెప్పాను. ఇంకొకడు "గుడుగుడు గుంచంలో ఉన్నది ఇదేనా?" అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను నాన్నా అన్నాను. ఇదంతా పది నిమిషాలు. ఆ పది నిమిషాలకి భయపడి మీరు కథని చంపేశారు.

ఇది ఒక్క పుస్తకం సంగతి కాదు కాబట్టే బహిరంగంగా రాస్తున్నాను. ఇంకోదాంట్లో అణాలు రూపాయలయ్యాయి. 1957 ఏప్రిల్ 1న మన దేశంలో నయాపైసలు వచ్చాయి. అంతకుముందు కథల్లో రూపాయికి పదహారు అణాలు. ఒక పిల్లవాడు రూపాయిని సగానికి సగం చేసుకుంటూ నలుగురికి ఖర్చు పెట్టి చివరికి అణాతో ఇంటికొస్తే లెక్క సరిపోతుంది. అణా తీసి రూపాయి పెడితే ఆ కుర్రాడు తీసుకెళ్ళింది రూపాయి, తెచ్చింది రూపాయి! పెళ్ళి పత్రికల్లోనూ సినిమా పాటల్లోనూ 'పదహారణాల తెలుగమ్మాయి' అని మురిసిపోతాం. పిల్లల పుస్తకంలో మాత్రం అణా బరువైపోయింది.

ఇక ఏడు చేపల కథ. విశాఖ పిల్లలకి ఎండుచేప గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఫిషింగ్ హార్బర్ వైపు గాలి వీచిందంటే ముక్కుకే తెలుస్తుంది. నేను కొన్న రంగుల పుస్తకంలో పాలేరు 'అంకుల్' అయ్యాడు. సరే. చివర్లో చీమని ఎందుకు కుట్టావని అడిగితే, "సారీ, ఇంకెప్పుడూ కుట్టను" అంటుంది. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అని నిలదీసే ఆ ఒక్క మాట కోసమే కదండీ పిల్లలు అన్ని ప్రశ్నలూ ఓపిగ్గా వింటారు! చేప గడ్డిమేటు మీద, గడ్డిమేటు ఆవు మీద, ఆవు పాలేరు మీద, అలా ఒకరి మీద ఒకరు తోసుకుంటూ వచ్చిన కథలో, తన పని తాను చేశానని చెప్పింది చీమ ఒక్కటే. దాని చేతే సారీ చెప్పించారు. కింద పెట్టెలో 'నీతి: ఇతరుల ఇళ్ళలో వేలు పెట్టరాదు' అని కూడా ఉంది. అలాగైతే వేలు పెట్టినవాడు కదా సారీ చెప్పాలి!

నేను పాతదంతా బంగారమని పట్టుకు వేలాడే మనిషిని అనుకోకండి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకసారి పాత కథ ఒకటి ముందుగా చూసుకోకుండా క్లాసులో చదివాను. అందులో ఒక కులం పేరు తిట్టుగా వచ్చింది. మూడో బెంచీలో ఒక పిల్లవాడు తల దించుకున్నాడు. పీరియడ్ అయిపోయేదాకా ఎత్తలేదు. ఆ కథ నేను మళ్ళీ ఏ క్లాసులోనూ చదవలేదు. నల్లగా ఉంటే రాక్షసి, కుంటివాడైతే నవ్వులాట, పెళ్ళాన్ని నాలుగు బాదితే దారికొచ్చింది అని ముగిసే కథలు మన దగ్గర బోలెడు. వాటిని పిల్లల సంపుటంలోంచి తీసేస్తామంటే మీ వెంట నేనుంటాను. అయితే ఫలానా కథ ఫలానా కారణంగా తీసేశాం అని ముందుమాటలో రెండు వాక్యాలు రాయండి. కథ పేరు అలాగే ఉంచి, లోపల ఎముకలు విరిచి, అదే పాత కథ అని అమ్మకండి.

భాష తేలిక చెయ్యడానికీ నేను అడ్డం కాదు. ఉత్తరాంధ్రలో పుట్టి ఆ మాట ఎలా అంటాను? వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మా శ్రీకాకుళం వైపు మనిషి. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చింది. ఆ గ్రాంథికాన్ని ఈ కాలం ఎనిమిదేళ్ళ పిల్లకి యథాతథంగా ఇవ్వమని ఎవరూ అడగరు. సులభ వచనంలో తిరిగి రాశాం అని అట్ట మీద వేసి, రాసినవారి పేరు పెడితే అది కొత్త పుస్తకం, దాని మంచిచెడ్డలు దానివి. మన పాత ప్రచురణకర్తలకి ఈ మర్యాద బాగా తెలుసు. అనుసరణ అయితే అనుసరణ అనేవారు, స్వేచ్ఛానువాదమైతే అలాగే వేసేవారు, పరిష్కర్త పేరు లోపలి అట్ట మీద ఉండేది. నందూరి రామమోహనరావుగారు టామ్ సాయర్‌ని తెలుగు చేస్తే అది ఎవరి పుస్తకమో, ఎవరి తెలుగో చదివేవాడికి తెలిసేది. నేను కొన్న కుంచం పుస్తకంలో రచయిత పేరు లేదు, మార్చినవారి పేరూ లేదు. 'సంపాదకవర్గం' అని మాత్రం ఉంది.

ఇంగ్లీషు వాళ్ళ దగ్గర కూడా ఈ గొడవ నడిచింది. 2023 ఫిబ్రవరిలో రోల్ డాల్ పిల్లల పుస్తకాల్లో వందల చోట్ల మాటలు మార్చారని పత్రికల్లో వచ్చింది. లావుపాటి కుర్రాణ్ణి లావు అనకూడదని ఇంకో మాట పెట్టారు. గోల గోలయింది. వారం తిరిగేసరికి, పాత పాఠాన్ని కూడా విడిగా వేస్తామని పఫిన్ సంస్థ ప్రకటించింది. అంతకుముందు 2010లో ఎనిడ్ బ్లైటన్ పుస్తకాల భాషని ఈ కాలానికి దిద్ది, 2016లో మళ్ళీ పాతదానికే వెళ్ళారు. డాక్టర్ స్యూస్ పుస్తకాల హక్కుదారులు 2021 మార్చిలో ఆరు పుస్తకాలు ఇక వెయ్యమని, వాటిలో కొన్ని జాతులవాళ్ళని కించపరిచే బొమ్మలున్నాయని బాహాటంగా చెప్పారు. ఒప్పుకున్నవాళ్ళు ఒప్పుకున్నారు, తిట్టినవాళ్ళు తిట్టారు. నా వరకు ఆ మూడో పద్ధతిలోనే నిజాయితీ ఎక్కువ కనిపించింది.

అక్కడ డాల్ పుస్తకం మార్చారని ఎలా పట్టుకోగలిగారు? పాతది ప్రతి లైబ్రరీలోనూ, ప్రతి ఇంట్లోనూ ఉంది కాబట్టి పక్కపక్కన పెట్టి చూశారు. మన దగ్గర పాతది ఎక్కడుంది? తడిసి, ఎవరి డాబా మీదో ఇటుక కింద ఉంది. పాతది దొరకనప్పుడు మార్చినదే అసలుదై కూర్చుంటుంది. ముద్రణ ఆగిపోవడం ఒక నష్టం, మాటలు మార్చడం ఇంకో నష్టం. రెండూ ఒకే పుస్తకానికి జరిగితే అసలు మారిందని చెప్పేవాడే ఉండడు. ఆ సెల్లారులో 'కిలోని తిరగేసేది ఎలాగ' అని అడిగిన కుర్రాడు లేకపోతే నేను కూడా పేజీ తిప్పేసేదాన్నే.

చట్టం మీకు అనుకూలంగానే ఉంది. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్ళకి కాపీరైటు తీరిపోతుంది. చింతా దీక్షితులుగారు 1960లో పోయారు. అంటే 2021 నుంచి ఆయన సూరి, సీతి, వెంకి కథల్ని ఎవరైనా వేసుకోవచ్చు. వెయ్యండి, దయచేసి వెయ్యండి. కానీ అదే కాపీరైటు చట్టంలో 57వ సెక్షన్ ఉంది. రచనని వక్రీకరించి రచయిత పరువుకి భంగం కలిగిస్తే అడ్డుకునే హక్కు రచయితది, ఆయన తర్వాత వారసులది. వారసులు ఎక్కడో అమెరికాలో ఉంటే, లేదా అసలు రచయిత ఎవరో అట్టతో పాటే చిరిగిపోతే, ఆ హక్కు ఎవరు అడుగుతారు? అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను.

బొమ్మల గురించి ఒక మాట. 1947 జూలైలో మద్రాసులో పుట్టిన చందమామని మా తరం కథల కోసం ఎంత చదివామో బొమ్మల కోసం అంత చూశాం. దాని అట్టల మీద బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్యగారు శ్రీకాకుళంలో పుట్టి కశింకోటలో స్థిరపడిన మనిషి, ఆ ఊరు అనకాపల్లి దాటగానే వస్తుంది. ఆయన గీసిన ఇత్తడి బిందె చూస్తే మన ఇంటి బిందె అనిపించేది. ఇప్పటి పుస్తకాల్లో తెలుగు పల్లె ఇంటికి పొగగొట్టం ఉంటోంది, అమ్మమ్మ ఊగే కుర్చీలో కూర్చుని స్వెట్టర్ అల్లుతోంది. మే నెల విశాఖలో స్వెట్టరట! కథకి మాత్రం కుంచం తీసేసి 'ఆధునికం' చేశారు. బొమ్మల్లో ఉన్న ఆ ఊరు ఏ కాలంలోనూ మనది కాదు.

మీలో ఒకరితో నేను ఫోన్లో మాట్లాడాను. ఓపిగ్గానే విన్నారు. "అమ్మా, కుంచం అని వేస్తే తల్లిదండ్రులు కొట్లోనే తిరగేసి చూసి పెట్టేస్తారు. మాకే అర్థం కాలేదు, పిల్లాడికి ఎవరు చెప్తారంటారు. కింద నీతి లేకపోతే ఇది దేనికండీ అంటారు" అన్నారు. అబద్ధం కాదు. మా అపార్ట్‌మెంట్‌లోనే చూస్తున్నాను. వెయ్యి కాపీలు వేస్తే గోడౌన్లో ఎన్నేళ్ళు పడుంటాయో మీకు తెలుసు. లైబ్రరీలు కొంటాయన్న ధీమా లేదు, ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మేము కడుతూనే ఉన్నా. మాస్కోలో అచ్చయి వచ్చిన ఆ లావుపాటి అట్టల తెలుగు పుస్తకాల ధరకి మీరు ఇవ్వలేరు. వాటి వెనక ఒక దేశం డబ్బుంది, 1991లో ఆ దేశమే లేకుండా పోయింది.

అయినా ఇప్పుడు యాభై కాపీలు కూడా వేసుకునే డిజిటల్ ప్రింటింగు వచ్చింది కదా. రంగులు వద్దు, నున్న కాగితం వద్దు. పాత పాఠం, పాత బొమ్మలు, కుట్టు బైండింగు (పిన్నులు మాత్రం వద్దు, మా ఊరి గాలి సంగతి చెప్పాను). మూడు వందలైనా ఇస్తాను, బీచ్ రోడ్డులో మనవలతో ఒక సాయంత్రం అంతకంటే ఎక్కువే అవుతుంది. తెలియని మాటకి పేజీ అడుగున ఒక లైను అర్థం ఇవ్వండి, కుంచానికి చిన్న బొమ్మ వెయ్యండి. మార్చి తీరాలనుకుంటే ఏం మార్చారో, ఎవరు మార్చారో అట్ట మీద చెప్పండి. ఇక వెయ్యదలుచుకోని పుస్తకాల జాబితా మీ క్యాటలాగు వెనక అచ్చు వెయ్యండి, ఉన్న ఒక్క కాపీనైనా స్కాన్ చేయించి ద్వారకానగర్ పౌర గ్రంథాలయం లాంటి చోట ఉంచండి. నా దగ్గర మిగిలినవి కూడా పట్టుకొస్తాను, ఆటో ఖర్చు నాదే.

చివరిగా నా సొంత పని ఒకటి. ఆ కుంచం కథ చివరి రెండు పేజీలు హుద్‌హుద్‌లో అతుక్కుపోయి, విడదీస్తే అక్షరాలు లేచిపోయాయి. మీ కొత్త పుస్తకంలో షావుకారు పశ్చాత్తాపపడి అందరికీ బియ్యం పంచుతాడు. పాతదాంట్లో అలా లేదు. ముసలమ్మ బాకీ తీర్చడానికి వచ్చి, ఊరందరి ముందూ తనూ కుంచాన్ని తిరగేస్తుంది. తిరగేసి షావుకారుతో ఒక మాట అంటుంది. ఆ మాటకి నా క్లాసు ప్రతి ఏడూ పగలబడి నవ్వేది. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, ఇప్పుడు ఎంత తలబద్దలు కొట్టుకున్నా ఆ మాట గుర్తు రావడం లేదు. పిల్లలు మూడు శనివారాలుగా అడుగుతున్నారు. వాచ్‌మన్ కూతురు దసరా సెలవులకి ఊరెళ్ళి నిజంగానే కుంచం తెచ్చింది, అది చాప పక్కన బోర్లించి ఉంది.

ఏ పుస్తకమో ఫోన్లో విన్నవారికి తెలుసు. మీ ఆఫీసు బీరువాలో పాత ఫైలు కాపీ ఉంటే ఆ రెండు పేజీలు ఫొటో తీసి పంపించండి. నా నంబరు మీ దగ్గర ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు,
సీతమ్మధార, విశాఖపట్నం